కంపెనీ ఉత్తరంలోని గొప్పావిడ

విమానాశ్రయం, ప్రవేశ తనిఖీ కార్యాలయం, మూడో గది. మంగళవారం ఉదయం 10 గంటల 40 నిమిషాలకు, ఫోనులో తెలుగు దుభాషి సాయంతో నమోదు చేసినది.

నా పేరు పాస్‌పోర్టులో ఉన్నదే. ఫ్యాక్టరీలో ఆ పేరుతో ఎవరూ పిలవరు, ఓవెనక్క అంటారు. వయసు యాభై ఒకటి. చదువు పదో తరగతి. వృత్తి, బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఓవెన్ దగ్గర పని. ఇరవై ఆరేళ్లుగా ఒకే కంపెనీ, ఒకే ఓవెన్. అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెబుతున్నాను. పొద్దున కూడా ఉన్నదున్నట్టే చెప్పాను. దానివల్లే ఈ గదిలోకి వచ్చాను.

మా కంపెనీకి చాలా దేశాల్లో ఫ్యాక్టరీలున్నాయి. ఇక్కడ కొత్తగా కట్టినదాంట్లో మా దగ్గరున్నలాంటి ఓవెనే పెట్టారు, అరవై మీటర్ల పొడవుది. దాన్ని నడపడం ఇక్కడివాళ్లకు నేర్పమని నన్ను రెండేళ్లకు బదిలీ చేశారు. ఒకే కంపెనీలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బదిలీ అయితే దానికి వేరే వీసా ఉంటుందట. దానికోసం కంపెనీ వకీలు గారు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశారు. నేను వేలిముద్రలు ఇచ్చి వచ్చాను, వీసా వచ్చింది. ఉత్తరం నేను చదవలేదు. చదివినా అర్థమయ్యేది కాదు.

విమానం 6.40కి దిగింది. నాకు కిటికీ పక్క సీటు ఇచ్చారు. మబ్బుల్ని పైనుంచి చూడటం ఇదే మొదటిసారి. చాలా బాగున్నాయి. కేసుకూ దీనికీ సంబంధం లేదని ఇది రాసుకుంటున్న అధికారి గారు అన్నారు, అయినా రాయమన్నాను.

7.25కి కౌంటరు దగ్గరికి చేరాను. ఏం పని మీద వచ్చారని అక్కడి ఉద్యోగి అడిగారు. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, ఓవెన్ చూసుకుంటాను అన్నాను. ఆయన ఉత్తరం చూశారు, నన్ను చూశారు, మళ్లీ ఉత్తరం చూశారు. 8.10కి నన్ను తీసుకొచ్చి ఈ గదిలో కూర్చోబెట్టారు.

8.35కి అధికారి గారు దుభాషిని ఫోనులోకి తీసుకున్నారు. గొంతును బట్టి చిన్నపిల్లే. ఉత్తరాన్ని ఆ అమ్మాయి చేత తెలుగులో చదివించారు. అందులో ఏముందో నేను వినడం అదే మొదలు. ఉష్ణ ప్రక్రియా నియంత్రణ నిపుణురాలు. ఉత్పత్తిలోని తేమను పరికరాల సాయం లేకుండా అంచనా వేయగలరు. ధ్వనిని బట్టి లోపాలను గుర్తించగలరు. ఈ పరిజ్ఞానం ఉన్నవారు సంస్థలో వీరొక్కరే. వింటుంటే నాకు ముచ్చటేసింది. ఇది మీరేనా అని అధికారి గారు అడిగారు.

"ఆవిడెవరో గానీ చాలా గొప్పావిడ సార్. మా ఫ్యాక్టరీలో అలాంటావిడ ఉన్నట్టు నాకు తెలీదు" అన్నాను.

"అమ్మా, ఈ మాట ఇలాగే చెప్పేయమంటారా?" అని దుభాషి అడిగింది. ఉన్నమాట చెప్పడానికి భయమెందుకు, చెప్పేయమన్నాను. చెప్పేసింది.

అధికారి గారి ముఖం మారిపోయింది. అంటే వేరొకరి ఉద్యోగం చూపించి వచ్చారన్నమాట, వీసా రద్దు చేసి 1.15 విమానానికి వెనక్కి పంపాల్సి ఉంటుంది అన్నారు. మా ఆయన దర్జీ. ఈ ప్రయాణానికని నాకొక కోటు కుట్టారు, లోపల నాలుగు జేబులు పెట్టారు. దాన్ని వీధిలో అందరికీ చూపించి వచ్చాను. రెండేళ్లకని బయల్దేరి రెండో రోజే ఏ ముఖం పెట్టుకుని తిరిగి వెళ్లేది? అంతకన్నా, ఆ కొత్త ఓవెన్ని ఒక్కసారైనా చూడకుండా పోవాల్సి వస్తుందన్నదే ఎక్కువ బాధగా ఉంది.

9.20కి అధికారి గారు ఇక్కడి ఫ్యాక్టరీకి ఫోన్ చేశారు. మేనేజర్ గారు ఎత్తారు. మూడేళ్ల కింద ఆయన మా ఫ్యాక్టరీకి వచ్చి నెల రోజులుండి పని చూసుకుని వెళ్లారు. అధికారి గారి మాట పూర్తి కాకుండానే ఆయన "ఓవెనక్క?" అన్నారు. ఆయనకొచ్చిన తెలుగు అదొక్కటే. మూడు రోజులుగా ఎడమ వైపు బిస్కెట్లు పాలిపోయి వస్తున్నాయట. బర్నర్లన్నీ మార్చి చూశారట, ఇంజినీర్లు తలలు పట్టుకుని కూర్చున్నారట.

ఎడమ వైపుది ఒకటి, కుడి వైపుది ఒకటి ఫోను దగ్గర పెట్టి విరవమన్నాను. అధికారి గారు ఫోను శబ్దం పెంచారు. కుడిది టక్కుమంది. ఎడమది చప్పుడు లేకుండా వంగి విరిగిందట, అంటే లోపల ఇంకా పచ్చిగా ఉంది. అటువి ఇరవై, ఇటువి ఇరవై విడివిడి దొంతర్లుగా పేర్చి పక్కపక్కన నిలబెట్టమన్నాను. ఎడమ దొంతర వేలి మందం ఎత్తుగా ఉందన్నారు.

"ఓవెన్నేం అనకండి, తప్పు దానిది కాదు. పిండిని ఒత్తే రోలరు ఎడమ పక్కన కాస్త లేచి ఉంది. అక్కడ పిండి మందంగా వస్తోంది. దాన్ని దించండి చాలు" అన్నాను.

దించారు. మా ఓవెన్లో బిస్కెట్టు ఈ చివర నుంచి ఆ చివరకు రావడానికి ఆరు నిమిషాలు పడుతుంది. అధికారి గారు గడియారం చూస్తూ కూర్చున్నారు. నేను కోటు జేబులు లెక్కపెట్టుకున్నాను. నాలుగే. 9.52కి ఫోనులో ఒక్కసారిగా గోల మొదలైంది. ఏం ప్రమాదం జరిగిందోనని హడలిపోయాను. చప్పట్లట. తర్వాత ఫోటో వచ్చింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే రంగు. ఒకే రంగు. అధికారి గారు ఫోటోను పెద్దది చేసి మరీ చూశారు.

ఎలా కనిపెట్టారని అడిగారు. వినబడింది సార్ అన్నాను. ఆయన ఉత్తరం ముందుకు జరిపి, మూడో వాక్యం మళ్లీ చదవమని దుభాషికి చెప్పారు. ధ్వనిని బట్టి లోపాలను గుర్తించగలరు. మొత్తం మళ్లీ చదవమ్మా అని అడిగాను. తేమ సంగతి నిజమే, విరిగిన అంచును పెదవికి ఆనించి చెబుతాను. ఒక్కరే అన్నదీ నిజమే, నాతోపాటు చేరిన ఇద్దరూ రిటైరయ్యారు.

"అయితే ఆ గొప్పావిడ నేనే సార్" అన్నాను.

దుభాషి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె ఇంకా చెప్పకుండానే అధికారి గారు కూడా నవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు వకీలు గారు గుర్తొచ్చారు. బదిలీకి ముందు ఆయన ఒక రోజంతా ఓవెన్ దగ్గర నా పక్కన నిలబడి చెమటలు కక్కుకుంటూ ఏదో రాసుకున్నారు. పనికి అడ్డమని రెండుసార్లు తప్పుకోమన్నాను. ఆయన రాసుకుంటున్నది నన్నేనని ఇవాళ తెలిసింది. నాకు ఎంత సంతోషంగా ఉందంటే, రాయండి సార్, చాలా సంతోషంగా ఉంది.

10.30కి పాస్‌పోర్టులో ముద్ర వేశారు. పొద్దున, ఆవిడ నేను కాదు అని నేను చెప్పినట్టు నమోదైపోయింది కాబట్టి, దాన్ని సరిచేయడానికి ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

ఇదంతా దుభాషి నాకు తెలుగులో చదివి వినిపించింది. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజం, ఎవరూ బలవంతపెట్టలేదు. ఏమైనా మార్చాలా అని అధికారి గారు అడిగారు. ఒకటుందన్నాను. మొదట్లో వృత్తి అన్నచోట ఓవెన్ దగ్గర పని అని ఉంది. అది అబద్ధం కాదు, కొట్టేయొద్దు. దాని పక్కన, నిపుణురాలు అని చేర్చమన్నాను. చేర్చారు. చేర్చిన చోట సంతకం పెట్టమన్నారు. పట్టేంత చోటు లేకపోయినా పూర్తి పేరుతో పెట్టాను.

(సంతకం)
ఓవెనక్క అని పిలవబడే నేను