దొర తలపాగ

1967 ఎండాకాలం. బోధన్ దగ్గరి ఊళ్లో ఒక చెరుకు రైతు ఇల్లు. కోడలు పిల్లను పక్కన పడుకోబెట్టి పరీక్షకు పెట్టిన నవల చదువుతోంది, అత్త పసుపు కొమ్ములు ఏరుతూ వింటోంది.

“దొర తలపాగ రోజురోజుకు పెద్దగైతుంది అత్తమ్మ. ఇప్పుడు సొంతింటి దర్వాజల పడుతలేదు. గిది దేనికి గుర్తని పరీక్షల అడుగుతరట.”

“భయానికి, బిడ్డ. జనం దండం పెడ్తరో లేదోనని ఇంకో సుట్టు సుట్టుకుంటుండు.”

“గైడుల అహంకారమని రాసిండ్రు.”

“గైడు రాసినోడు దొరను దూరంకెల్లి సూసిండు. నేను మా ఊరి దొర గడీల పని జేసిన. తలపాగ సుట్టుకుంటాంటె ఆయన చేతులు వణికేటియి.”

“అయితే నేను గిదే రాస్త.”

“పరీక్ష ఎప్పుడు?”

“సోమవారం, నిజామాబాద్‌ల. కని పోతనని ఇంట్ల ఎవ్వరిని అడగలేదు అత్తమ్మ.”

“పది రోజుల సంది పని ఇడిసి నా పక్కన కూసోని సదువుతున్నవు. గది అడుగుడు కాదా? నీ మొగనికి నేను జెప్త. పిల్లను నేనే సూసుకుంట. మొదటి బస్సుకు పొయ్యి మంచిగ రాయి.”

కోడలు నవ్వుతూ అత్త రెండు చేతులూ పట్టుకుంది.

“ఇడువు బిడ్డ, పుస్తకానికి పసుపంటుతది.”