తప్పు చెప్పినవాడికే మొదటి ముద్ద

వాణ్ణి కొట్టకే సరోజినీ. గ్లాసు పగిలితే పగిలింది, నేనే పగలగొట్టానని వాడంతట వాడే వచ్చి చెప్పాడు కదా. ఇలా కూర్చో, ఆ కూలర్ కాస్త తగ్గించు. దాన్ని మించి పలకగలను గానీ మళ్ళీ మన శంకర్ నగర్ పేటంతా లేచొస్తుంది. నా మనవణ్ణి చూస్తే ఐజాక్ గుర్తొచ్చాడు. నీకు తెలీదులే, వాడు పోయేనాటికి నీకు పాలపళ్ళు. వాళ్ళ నాన్న జ్ఞానప్రకాశం, తెనాలి వైపు మనిషి, యాభై ఆరులో రాయ్‌పూర్ వచ్చి రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేరాడు. తల్లి రూతమ్మ నర్సు. మాది పక్క క్వార్టరు. ఆ గోడ నేను ఒక్క గెంతులో దాటేవాణ్ణి, ఎనిమిదడుగుల గోడ. ఆ ఇంట్లో ఒక పద్ధతుండేది. ప్రార్థన అయ్యాక, కంచం ముట్టకముందు, ఒక్కొక్కరూ ఆరోజు చేసిన తప్పు చెప్పాలి. ముందు తండ్రే. 'ఇవాళ కేబిన్లో రెండు నిమిషాలు కునుకు తీశానురా' అనేవాడు. రూతమ్మత్త 'వార్డులో ముసలమ్మ పిలుస్తుంటే విననట్టు వెళ్ళిపోయాను' అనేది. తిట్టడం లేదు, కొట్టడం లేదు. అందరికన్నా పెద్ద తప్పు చెప్పినవాడికి రూతమ్మత్త నెయ్యి వేసి కలిపిన మొదటి ముద్ద చేతిలో పెట్టేది. ఆ ముద్ద కోసం నేను లేని తప్పులు కల్పించేవాణ్ణి. గూడ్సు బండి ఆపేశానన్నాను ఒకసారి. జ్ఞానప్రకాశం మామ పడీపడీ నవ్వి నాకే పెట్టించాడు. ఐజాక్ మాత్రం కల్పించేవాడు కాదు, చిన్నదో పెద్దదో చేసిందే చెప్పేవాడు. తప్పు చెబితే ప్రేమ పెరుగుతుందని వాడి ఒంటికి అలవాటైపోయింది. లోకమంతా ఆ వంటిల్లే అనుకున్నాడు పిచ్చాడు.

పెద్దయ్యాక ఇద్దరం ఊరి బయట సిల్తారాలో, ఇనుప రాయిని బొగ్గుతో కాల్చే ఒకే స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో పడ్డాం. పేరెందుకులే. వాడు షిఫ్ట్ ఇన్‌ఛార్జి, నేను స్విచ్ రూము. మోటారు మీద అరచెయ్యి ఆనిస్తే దానికి జ్వరమెంతో చెప్పేవాణ్ణి. బయటినుంచి పెద్ద ఇంజనీరొచ్చి మూడు రోజులు కుస్తీ పట్టిన మోటార్ని కాలితో ఒక్క తన్ను తన్ని తిప్పాను. సరే, రెండు తన్నులు. ఏం చెప్తున్నాను? ఆఁ, సుకాలూ. ఇక్కడి పల్లె పిల్లవాడే, కొలిమికి బొగ్గు మోసే బెల్టు దగ్గర కూలీ. బెల్టులో బొగ్గు ఇరుక్కుంటే లోపలికి దూరి తీసేవాడు. లోపలికెళ్ళే మనిషి తన నంబరున్న రేకుబిళ్ళ నా గదిలో బెల్టు స్విచ్‌కి తగిలించి వెళ్ళాలి. బయటికొచ్చి తన బిళ్ళ తనే తీసుకోవాలి. బిళ్ళ ఉండగా స్విచ్ వెయ్యకూడదు. తొంభై ఆరు, మే నెల, మిట్టమధ్యాహ్నం. కొలిమి చల్లబడిపోతోందని మేనేజర్ రామమూర్తి ఫోన్లో ఐజాక్ ప్రాణం తోడేస్తున్నాడు. ఇన్‌ఛార్జి కిందికి దిగి బెల్టు ఖాళీగా ఉందని కళ్ళారా చూశాకే నడపమనాలి, రూలు అదీ. ఐజాక్ దిగలేదు. పైనుంచే నాకు ఫోన్ చేసి బిళ్ళ ఉందా అనడిగాడు. లేదన్నాను. నడిపించమన్నాడు. సుకాలూ ఇంకా లోపలే ఉన్నాడమ్మా. నేను స్విచ్ వేశాక ఒక్క అరుపు, అంతే.

మర్నాటికే రామమూర్తి కాగితం తయారుచేయించాడు, కూలీ తాగి చెప్పకుండా దూరాడని. ఐజాక్ కింద సంతకం పెట్టాలి, అంతే పని. పెడితే ఉద్యోగం నిలుస్తుంది, చచ్చినవాడి మీద తాగుబోతు ముద్ర పడుతుంది, తల్లికి చిల్లిగవ్వ రాదు. ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. అన్నాల దగ్గర వాడు అంతా చెప్పాడు, దిగి చూడలేదని, మనిషిని చంపానని. రూతమ్మత్త ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. మామ, "ఇది ఇంట్లోనే ఉండనీ నాయనా. ఈ ఒక్కటీ బయట చెప్పకు" అన్నాడు. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. ఐజాక్ అన్నాడూ, "వేరేగా ఎలా బతకాలో మీరు నాకు నేర్పలేదు నాన్నా."

తెల్లారి వాడు ముందెక్కడికి వెళ్ళాడనుకున్నావు? సుకాలూ వాళ్ళమ్మ దగ్గరికి. గుడిసె ముందు కింద కూర్చుని చెప్పుకున్నాడు. ఆవిడ అంతా విని, వాళ్ళ భాషలో ఒక్క మాటంది, "చెప్పుకున్నావు, నీ గుండె తేలికైంది. నాకేం తేలికైంది బిడ్డా?" ఆ తర్వాత ఆ పల్లెలో మగాళ్ళు కొట్టారు, ముంజేయి విరిగింది. ఆ చేత్తోనే ఎంక్వైరీకి వచ్చాడు. తప్పు నాదేనన్నాడు. ఆఫీసరు ఇంకెవరున్నారని హిందీలో గుచ్చి గుచ్చి అడిగాడు. మా ఇంట్లో ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకుంటాం సాబ్, పక్కవాడిది చెప్పం అన్నాడు. నేనక్కడే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. నావైపు చూడనైనా చూడలేదు. సుకాలూ మీది తాగుబోతు ముద్ర పోయింది, తల్లికి రావలసింది వచ్చింది. వీడికి ఏడాది జైలు. బయటికొచ్చాక ఏ ఫ్యాక్టరీ గేటూ తెరవలేదు. పక్క ఊరు తిల్దాలో రైస్ మిల్లులో బస్తాలు మోశాడు ఆ వంకర చేత్తో. ఊక ధూళి రొమ్ముకి పట్టి, తొంభై తొమ్మిది వానాకాలంలో పోయాడు. నలభై మూడేళ్ళు.

గొయ్యి పూడ్చి అందరూ వెళ్ళిపోయాక జ్ఞానప్రకాశం మామ నా భుజం పట్టుకున్నాడు. "మావాడు నీ పేరు ఎన్నడూ ఎత్తలేదు గురునాథం. ఆరోజు బిళ్ళ లేదన్నావని ఫ్యాక్టరీలో వాళ్ళెవరో చెప్పారు. మరి ఆ సుకాలూ తగిలించకుండానే లోపలికెళ్ళాడా?" అనడిగాడు. కోపం లేదమ్మా ఆ మొహంలో, అడిగాడంతే. వానలో తడుస్తూ నిలబడ్డాడు, నేను చెప్పేదాకా కదలనన్నట్టు. తగిలించాడమ్మా. పదిహేడో నంబరు. దూరంగా తలపాగాతో ఎవడో పోతుంటే సుకాలూ వచ్చేశాడు, బిళ్ళ మర్చిపోయాడనుకుని నేనే తీసి జేబులో వేసుకున్నాను. ఐజాక్ ఫోన్ చేసినప్పుడు అది నా జేబులోనే ఉంది. మామకి ఏం చెప్పానంటావా? ఏం చెప్తాను. చెప్పాను, ఏదో... ఆ మోటారు గురించి చెప్పాను, ఒక్క తన్నుతో ఎలా తిప్పానో. ఆయన అంతా విన్నాడు.

కూలర్లో నీళ్ళయిపోయినట్టున్నాయి సరోజినీ, వేడి గాలొస్తోంది. లేచి చూడు.