దిద్దకూడని ఫైలు

సంతకం పెట్టనండీ. ఆ కాగితం మీరు ఇటు ఎన్నిసార్లు జరిపితే నేను అటు అన్నిసార్లు జరుపుతాను. సాయంత్రం దాకా ఇదే పని పెట్టుకుందామంటే నాకేం అభ్యంతరం లేదు.

చదివానండీ. రెండుసార్లు చదివాను. "బంటుమిల్లి వెంకట్రామయ్య గారి చెరువు వద్ద మా ఫిట్టర్ నాగవంశీ వైరింగ్‌లో చేసిన పొరపాటు వలన ఏరేటర్లు తిరగలేదని మా సాంకేతిక పరిశీలనలో తేలింది." ఏ పరిశీలన? ఎవరు చేశారు? ఈ షాపులో సాంకేతికం అంటే నేనొక్కదాన్నే కదా. నేను చెయ్యని పరిశీలనలో ఏం తేలిందో మీకెలా తెలిసింది పిచ్చేశ్వరరావు గారూ?

కూర్చోమంటారా, కూర్చుంటాను. ఆ ఫ్యాను కూడా కాస్త వెయ్యండి, ఇది ఇప్పట్లో తేలేది కాదు.

అసలు ఏం జరిగిందో మళ్ళీ ఒకసారి చెప్పుకుందాం. మొన్న మంగళవారం వెంకట్రామయ్య గారు మేనకోడలి నిశ్చితార్థానికి గుడివాడ వెళ్ళారు. మూడు రోజుల నుంచి ముసురు. ఎండ లేకపోతే రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. అలాంటి రోజున ఆయన చెరువు వదిలి ధైర్యంగా ఎలా వెళ్ళారు? మనం బిగించిన ప్యానెల్ ఉంది కాబట్టి. కరెంటు పోయి వస్తే మోటార్లు దానంతటదే వేస్తుంది, మీరు నిశ్చింతగా ఉండండి అని మీరే కదా చెప్పింది?

పొద్దున ఏడింటి నుంచి గాలి. కరెంటు రావడం, పోవడం, రావడం, పోవడం. పదకొండింటి దాకా అదే వరస. కరెంటు వచ్చినప్పుడల్లా ప్యానెల్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. పది మోటార్లలో ఒక్కటీ తిరగలేదు. ఆయన వచ్చేసరికి రొయ్య అంతా చచ్చి గట్టుకి కొట్టుకొచ్చేసింది. పిల్ల వేసి డెబ్భై రోజులండి. ఇంకో నెలలో పట్టుబడి పట్టాల్సిన చెరువు.

నాకు మాత్రం బాధ లేదనుకున్నారా?

వైరింగ్ సంగతంటారా. నిన్న నేను బంటుమిల్లి వెళ్ళాను. మీకు చెప్పలేదు, చెప్తే వెళ్ళనివ్వరని. ప్రతి వైరూ లాగి చూశాను. ఒక్క స్క్రూ వదులుగా లేదు. అంత శుభ్రంగా బిగించినవాడి పేరు మీరు ఈ కాగితంలో రాశారు. పదకొండేళ్ళుగా మీ దగ్గర పనిచేస్తున్న మనిషి పేరు. ఇది బయటికి వెళ్తే దివిసీమలో గానీ బందరులో గానీ ఏ రైతైనా అతన్ని చెరువు గట్టు ఎక్కనిస్తాడా?

ఆ మాట అంటారని తెలుసు. దాని కోసమే కూర్చున్నాను. "అయితే నీ లిస్ప్‌దే తప్పన్నమాట." మీ బావమరిది చెప్పిన విజయవాడ ఇంజినీరు ఏమన్నాడు? లిస్ప్ అనే ఈ బ్రాకెట్ల కంప్యూటర్ భాష పిచ్చి, లోకమంతా సి భాషలో కోడ్ చేత్తోనే రాస్తారు, నేనూ చేత్తోనే రాసిస్తాను అన్నాడు. రాస్తాడండీ. ఒక్క చెరువుకైతే నేనూ రాస్తాను. మీ ప్యానెళ్ళు నలభై మూడు చెరువుల మీదున్నాయి.

నేను రాకముందు ఎలా ఉండేదో మర్చిపోయారా? పదిహేడు ప్యానెళ్ళు, పదిహేడు ఫైళ్ళు. ఒకదాన్ని చూసి ఇంకోటి కాపీ కొట్టి, అవనిగడ్డ చెరువుకి ఒక అంకె, బంటుమిల్లి చెరువుకి ఇంకో అంకె మార్చేవాళ్ళు. ఒక చోట తప్పు కనబడితే ఆ ఒక్క ఫైల్లోనే దిద్దేవాళ్ళు. అదే తప్పు మిగతా పదహారింట్లో హాయిగా కూర్చుని ఉండేది.

ఇలా చూడండి, ల్యాప్‌టాప్ మీ వైపు తిప్పుతున్నాను. ఇదీ వెంకట్రామయ్య గారి చెరువు. తొమ్మిది వరసలు. మోటార్లు ఎన్ని, ఒక్కోటి ఎంత హార్స్‌పవర్, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మోస్తుంది, ఒక మోటారు వేశాక రెండోదానికి ఎన్ని సెకన్లు ఆగాలి. అంతే. బ్రాకెట్లు ఎక్కువే, ఒప్పుకుంటాను. గిలకలదిండి చేపల రేవులో గేలాల కట్టలా ఉందని మీరు నవ్వారు కూడా. నవ్వండి. కానీ ఈ తొమ్మిది వరసలు చదివి నా లిస్ప్ ప్రోగ్రాం, ప్యానెల్ లోపలి చిప్‌కి కావలసిన సి కోడ్ పద్నాలుగు వందల వరసలు అదే రాస్తుంది. నేను రాయను. నాగవంశీ ఆ ఫైలు తీసుకెళ్ళి ప్యానెల్లో ఎక్కిస్తాడు.

అది అంత సులువుగా వచ్చిందనుకోకండి. మొదట్లో నేనూ తెలివితక్కువగా సి ముక్కల్ని అక్షరాలుగానే అతికించుకుంటూ పోయాను. ఒకచోట సెమీకోలన్ ఎగిరిపోయేది, ఇంకోచోట బ్రాకెట్ మిగిలిపోయేది. రెండు నెలలు తన్నుకుని మొత్తం అవతల పారేశాను. రెండోసారి అక్షరాల జోలికే పోలేదు. "కరెంటు ఉంటే ఈ మోటారు వెయ్యి, ఇరవై సెకన్లు ఆగు" అనే పనిని ఒక జాబితాగా పెట్టుకున్నాను, జాబితాలో ఇంకో జాబితా. లిస్ప్‌లో ఉన్న సుఖం అదేనండి, అలాంటి జాబితాలు విప్పొచ్చు, కలపొచ్చు, సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చెయ్యొచ్చు. అన్నీ కుదిరాయని తేలాక, ఆఖరి మెట్టులో మాత్రమే సి అక్షరాలుగా మారుతుంది. సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో తెలిసింది ఆ ఒక్క చోటుకే. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు.

అవనిగడ్డ బసవపున్నయ్య గారి సంగతి గుర్తుందా? చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద పన్నెండు మోటార్లు కావాలన్నారు. నా ప్రోగ్రాం కోడ్ రాయనని మొండికేసింది. రైతు అడిగింది ఇవ్వడానికి నీ కంప్యూటర్‌కి ఏం రోగం అని ఫోన్‌లో అరిచింది ఎవరండీ? మర్నాడు లైన్‌మ్యాన్ వచ్చి, అన్ని మోటార్లు వేస్తే కాలిపోయేదని చెప్పాక మెత్తబడింది ఎవరు?

సరే, పొగుడుకోవడం ఆపేస్తాను.

మా నాన్న రహంతుల్లా పెడన కలంకారీ వాళ్ళకి అచ్చులు చెక్కేవారు, మీకు తెలుసుగా. టేకు చెక్క మీద ఒక ఆకు, ఒక తీగ చెక్కడానికి వారాలు పట్టేది. ఆ అచ్చు ఒక్కటి సరిగ్గా ఉంటే వెయ్యి గుడ్డలు సరిగ్గా వస్తాయి. వాడగా వాడగా ఎక్కడో ఒక సన్న గీత విరుగుతుంది. అప్పుడు అద్దేవాళ్ళు ఏం చేస్తారంటే, అచ్చు బాగుచేయించడానికి రెండు రోజులు పని ఆగుతుందని, అద్దిన గుడ్డ మీదే కలంతో ఆ గీత దిద్దేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కొన్నాళ్ళకి ఆ దిద్దే మనిషి పనిలోకి రాడు. వంద గుడ్డలు గీత లేకుండా బయటికి పోతాయి. కొన్నవాళ్ళు తిడతారు. అచ్చు చెక్కినవాడిది తప్పంటారు. మా నాన్న లేచి పెడన వెళ్ళి పోట్లాడి వచ్చేవారు. "గుడ్డ మీద ఎందుకు దిద్దారయ్యా, అచ్చు పంపితే ముక్క అతికి చెక్కి ఇస్తానుగా" అని.

ఇప్పుడు ఈ కథ ఎందుకంటే, వెంకట్రామయ్య గారి చెరువు దగ్గర జరిగింది అచ్చం ఇదే కాబట్టి.

ఉండండి, చెప్తాను. తొందరపెట్టకండి.

నా ప్రోగ్రాంలో ఒక నియమం ఉంది. కరెంటు వచ్చాక రెండు నిమిషాలు నిలకడగా ఉంటేనే మొదటి మోటారు వెయ్యాలి. మోటార్లు కాలిపోకుండా పెట్టిందే, మంచిదే. కానీ కరెంటు రెప్పపాటు పోయినా సరే, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మంగళవారం నిమిషానికోసారి అలా కొట్టింది. ప్యానెల్ నాలుగు గంటలపాటు లెక్కపెడుతూనే ఉంది పాపం. ఒక్కసారీ రెండు నిమిషాలు నిండలేదు.

ఈ తప్పు రెండు నెలల క్రితమే పట్టుకున్నారండీ. నేను కాదు. నాగవంశీ. వానలో ఆ ప్యానెల్ కింద కూర్చుని, ఫోన్‌లో టైము చూసుకుంటూ, ఎన్నిసార్లు కరెంటు పోయింది, ఎన్నిసార్లు లెక్క మొదటికొచ్చింది, అట్టముక్క మీద రాసుకుని నా టేబుల్ దగ్గరికి తెచ్చాడు. "మేడం, రెప్పపాటు పోయినా ఇది మళ్ళీ మొదలుపెడుతోంది" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "నువ్వు వైర్లు బిగించు, లెక్కలు నాకొదిలెయ్" అన్నాను. మన కౌంటర్లో కూర్చునే శ్రీహరి గారు ఉన్నారు, ఇద్దరు రైతులు ఉన్నారు. అందరి ముందూ అన్నాను. అతను అట్టముక్క నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే పరీక్ష చేసి చూశాను. అతను చెప్పింది నిజమే.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఏమిటి? ప్రోగ్రాంలో నియమం మార్చాలి. రెండు రోజుల పని. మార్చాక నలభై మూడు ప్యానెళ్ళకీ కొత్త కోడ్ పంపాలి. ఎక్కించేది ఎవరు? నాగవంశీ. ఎందుకు మేడం అని అడుగుతాడు. నువ్వు చెప్పిందే రైటయిందని చెప్పాలి. గుడివాడలో నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివి, ఐటీఐ మనిషికి ఆ మాట చెప్పాలి. నాకు నోరు రాలేదండీ.

అందుకని వెంకట్రామయ్య గారి సి ఫైలు తెరిచాను. ప్రోగ్రాం రాసిన ఫైలు. దాని పైనే ఉంటుంది, "ఇది యంత్రం రాసింది, ఇక్కడ దిద్దవద్దు" అని. ఆ వాక్యం పెట్టింది నేనే. దాన్ని దాటుకుని కిందికి వెళ్ళి నాలుగు వరసలు చేత్తో దిద్దాను. పది నిమిషాల పని. చిన్న మార్పులే ఎక్కించు అని నాగవంశీకి ఇచ్చాను. మిగతా చెరువుల సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. చూడలేదు.

పదిహేను రోజుల క్రితం వెంకట్రామయ్య గారు ఇంకో రెండు మోటార్లు వేశారు కదా. ఈ తొమ్మిది వరసల్లో ఎనిమిది తీసి పది అని పెట్టి ప్రోగ్రాం నడిపాను. కొత్త ఫైలు వచ్చింది. పాత దాని మీద నేను దిద్దిన నాలుగు వరసలు ఎగిరిపోయాయి. నాకు గుర్తే రాలేదు, ఒట్టు.

గుర్తొచ్చింది అతనికండీ. ఫైలు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఆ రెప్పపాటు సంగతి ఇందులో కూడా ఉందా మేడం?" అని అడిగాడు. అంటే అంతకుముందు నేను గుట్టుగా దిద్దిన సంగతి అతనికి తెలుసు. తెలిసీ ఒక్క మాట అనలేదు. నేను తల కూడా ఎత్తలేదు. "ఉందిలే, వెళ్ళు" అన్నాను.

ఇదండీ సాంకేతిక పరిశీలన. రాసుకోండి.

మీ విజయవాడ ఇంజినీరు చెయ్యబోయేది కూడా ఇదే, చేత్తో దిద్దడం. నేను నాలుగు వరసలు చేత్తో దిద్దితే ఒక చెరువు పోయింది. ఆయన నలభై మూడు ఫైళ్ళు చేత్తో రాస్తానంటున్నాడు. పెట్టుకోండి, నాకేం. కానీ ప్రోగ్రాం చేత రాయించడమే తప్పని మాత్రం అనకండి, ఊరుకోను. ఆ రెండు రోజుల పనీ నిన్న రాత్రంతా మేలుకుని చేశాను, నియమం ప్రోగ్రాంలోనే మార్చాను. నలభై మూడు కోడ్‌లూ మళ్ళీ రాయించాను, పాతవాటి పక్కన పెట్టి ఏ వరస మారిందో ఒక్కొక్కటీ చూసుకున్నాను. ఇదిగో ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. నన్ను ఉంచినా తీసేసినా ఇవి మాత్రం రేపే ఎక్కించండి. ముసురు ఇంకా వదల్లేదు.

వెంకట్రామయ్య గారికా? నిన్నే చెప్పేశాను. గట్టు మీద సున్నం చల్లిస్తున్నారు. అంతా విన్నారు. నన్ను తిడతారనుకున్నాను. "అయితే నాగవంశీది కాదా? అతన్ని పదిమందిలో కాలర్ పట్టుకున్నానమ్మా" అని గట్టు మీద కూలబడ్డారు. నా చేత్తో రాసి, సంతకం పెట్టి ఇచ్చొచ్చాను. దాని జిరాక్సు ఇదిగో. కాబట్టి మీరు టైపు చేయించిన ఈ ఉత్తరం ఇప్పుడు పంపినా నవ్వుతారు. చించుతారో దాచుకుంటారో మీ ఇష్టం.

నా మీద కోపమా? పడండి. కేసంటారా, పెట్టండి. మీ ముందు కూర్చుని ఇదంతా చెప్పడానికి నాకేం కష్టం కాలేదు, వెంకట్రామయ్య గారికి చెప్పడానికీ కష్టం కాలేదు. మీరంటే నాకు భయం లేదండీ.

నాగవంశీ అంటేనే సిగ్గు. నిన్నటి నుంచి పద్నాలుగుసార్లు ఫోన్ చేశాను. మీ ఫోన్ ఒకసారి ఇలా ఇవ్వండి. నా నంబరు చూసి ఎత్తడం లేదు.