తెల్లగా మిగిలిన పదకొండో వార్డు

గోదావరి గట్టు పక్కన హైస్కూలు, కంప్యూటర్ గది. సోషల్ చెప్పే సీతారామలక్ష్మి టీచరు, పదో తరగతి హేమశ్రీ పంచాయతీ కోసం వార్డుల మ్యాపు గీస్తున్నారు.

“మళ్ళీ ఆ గీతే గీశావు. తీసెయ్యమన్నానా లేదా?”

“తీసేస్తే మొగలిలంక పోతుంది కదండీ టీచర్‌గారూ.”

“పోవడానికి అక్కడేముంది? పట్టిక చూడు. పదకొండో వార్డు, మొగలిలంక, ఓటర్లు సున్నా. అందుకే మ్యాపులో తెల్లగా వచ్చింది. సున్నా ఉన్నదాన్ని పక్క వార్డులో కలిపెయ్యమని నిన్ననే చెప్పాను.”

“రేపు పంచాయతీలో గోడకి అంటించేది ఇదేనటగా అండీ?”

“ఇదే. ఈ గీతల ప్రకారమే వార్డులు ఖాయం చేస్తారు. అభ్యంతరాలుంటే అక్కడ చెప్పుకుంటారు.”

“జాబితాలో పేరే లేనివాళ్ళని చెప్పుకోనిస్తారాండి?”

“ఎవరి పేరు లేదు?”

“మా నాన్నమ్మదండి. రత్నమాణిక్యం. మాది మొగలిలంకేనండి.”

“నీ అడ్మిషన్‌లో గట్టు మీది అడ్రసుంది.”

“అది మా మావయ్యదండి. లంక అడ్రసు కంప్యూటర్ తీసుకోలేదు.”

“అక్కడ… ఎంతమంది?”

“ఓటు వయసున్నవాళ్ళే నూట పన్నెండు మందండి. క్రితంసారి ఎన్నికలకి నాన్నమ్మని పడవలో దాటించి, కుర్చీలో మోసుకెళ్ళారు. జాబితా చూసి, ‘మీ లంకలో ఎవరూ లేరమ్మా’ అన్నారట. అప్పట్నుంచీ దీపం పెట్టే వేళకి అడుగుతుంది, ‘మనం ఉన్నామా అమ్మాయ్’ అని.”

“పెద్దావిడ. మతి…”

“మతి బాగానే ఉందండి. ఉన్నామంటే, ‘మరి రాయలేదేం’ అంటుంది.”

“పట్టికలో రిమార్కు చదువు. రికార్డులో ఏముంటే అదే మనం గీస్తాం.”

“‘లంక కోసుకుపోయింది. నివాసులు లేరు.’ కోసుకుపోయింది సగమేనండి. ఎవరండీ ఇది రాసింది?”

“ఓటర్ల సర్వే డ్యూటీ పడ్డవాళ్ళు. వరద రోజులు. పడవ దొరికి ఉండదు.”

“దొరకలేదంటే దొరకలేదనే రాయొచ్చు కదండీ. ఆ రోజు రేవులో ఎవరో గొడుగేసుకుని నిలబడ్డారట. మావాళ్ళంతా ఒడ్డుకొచ్చి తెల్ల పంచె ఊపారట.”

“కేకలు కూడా వేశారు.”

“ఆ సంగతి నేను చెప్పలేదండీ.”

“నీళ్ళ మీద బాగా వినిపిస్తాయి.”

“టీచర్‌గారూ…”

“ఆ రోజు పడవ ఉంది. ప్రవాహం చూసి భయపడ్డాను. ఇప్పటికీ క్లాసులో హాజరు పిలుస్తుంటే, రెండు పేర్ల మధ్య ఆ కేకలు వినిపిస్తాయి.”

“…గీత తీసెయ్యమంటారా అండీ?”

“ఉంచు. ఆ రిమార్కు కొట్టేసి కొత్తది రాయి.”

“ఏమనండి?”

“‘మొగలిలంకలో నూట పన్నెండు మంది ఓటర్లున్నారు. కళ్ళారా చూసి లేరని రాసినది సీతారామలక్ష్మి.’ పెద్దక్షరాలు పెట్టు, గోడ మీద అందరికీ కనబడాలి.”