ఓడ లేని అడ్మిరల్

కర్నో దొరని అడ్మిరల్ చేశారన్న కబురు సోమవారం లండన్ బండిలో వచ్చింది. శనివారానికల్లా ఫాల్మత్ రేవంతా నవ్వడం మొదలెట్టింది. బిరుదైతే ఇచ్చారు గానీ ఓడ ఇవ్వలేదు. ఓడ సరే, తెడ్డుపడవైనా ఇవ్వలేదు. "ఓడ లేని అడ్మిరల్" అని చేపలమ్మేవాళ్ళు కూడా అనేశారు. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి దొర గడప దాటలేదు. అడ్మిరల్ వేసుకునే కొత్త కోటు పెట్టెలోంచే తియ్యలేదు.

అది జేబెజ్ గుండెల్లో ముల్లైంది. నలభై ఎనిమిదేళ్ళు దొర వెంట సముద్రాలు తిరిగిన ముసలి సరంగు అతను. రేపు ఆదివారం దొర చర్చికి నడిచొస్తే ఒక్కడు కూడా కిసుక్కుమనకూడదు. అందుకని లవ్‌డే అక్క బీరుకొట్టులో, కిటికీ పక్క బల్లమీద చతికిలబడి నోరు విప్పాడు.

"ఊరికే అయ్యాడనుకుంటున్నార్రా అడ్మిరల్? పన్నెండేళ్ళకి ఓడెక్కాడు. మొదటిరోజే తుఫాను. నాబోటి మొనగాళ్ళే కక్కుకుంటుంటే, ఆ పిల్లాడు స్తంభమెక్కి చిరిగిన తెరచాప కుట్టుకొచ్చాడు."

"అదెంత పని బాబాయ్, మా నాన్నా కుట్టాడు," అన్నాడు వలలల్లే డిగొరీ.

"మీ నాన్న సూదితో కుట్టుంటాడు. మా దొర సూది గాలికెగిరిపోతే పన్నుతో కుట్టాడు! సరే, అది వదిలెయ్. ఫ్రాన్సులో బ్రెస్ట్ రేవు బయట పొగమంచు పట్టింది చూడూ, నా ముక్కనుకుని పక్కవాడి ముక్కు గోకేశాను, వాడు హాయిగా ఉందన్నాడు, అలాంటి మంచు. మా దొర వడ్రంగిని పిలిచి, ఆ మంచుని రంపంతో దిమ్మలు దిమ్మలుగా కోయించి, నలభై పీపాల్లో కుక్కించి మూతలు బిగించాడు. ఎందుకండీ అంటే, ఉండవోయ్, పనికొస్తుంది అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడివేసవి, మిట్టమధ్యాహ్నం, మూడు ఫ్రెంచి ఓడలు మా వెంటపడ్డాయి. తియ్యండ్రా మూతలు అన్నాడు! వాళ్ళకి తూర్పేదో పడమరేదో తెలీక, ఒకర్నొకరు గుద్దుకుని, చివరికి మమ్మల్నే పిలిచి దారడిగారు. మర్యాదగా చూపించాం, తిన్నగా ప్లిమత్ జైలుకి."

కొట్టంతా గొల్లుమంది. లవ్‌డే అక్క పొయ్యిలో చేపలు మాడుతున్న సంగతే మరిచి నిలబడిపోయింది. నవ్వు దొర మీంచి తన మీదికి మళ్ళిందని జేబెజ్ కనిపెట్టాడు. అదే కావాలి. ఇంకాస్త లాగాలి.

"మరి ఆంటిగ్వా దీవి సంగతో? ఓడలో మంచినీళ్ళు నిండుకున్నాయి. దీవి తొమ్మిది క్రోసుల దూరం. ఆకు కదిలే గాలి లేదు. మేం పోలేనప్పుడు దీవే రావాలి గదా! లంగరు విసిరి దాని కొండకి తగిలించి, లాగండ్రా అన్నాడు. లాగాం. వచ్చింది, కొబ్బరిచెట్లతో సహా, సంతలో బేరమాడుతున్న ఆడవాళ్ళతో సహా. పొయ్యి మీద కూర ఒలికిందని ఒకావిడ మమ్మల్ని తిట్టింది కూడా. నీళ్ళు నింపుకుని, దాన్ని మళ్ళీ దాని చోట పెట్టడం మరిచిపోయాం. పటాలు గీసేవాళ్ళు ఇప్పటికీ మా పేరు చెప్పి ఏడుస్తారు. అది విని లండన్ పెద్దలు..."

"అది కాదు, జేబెజ్."

గుమ్మంలో కర్నో దొర. ఒంటిమీద పాత కోటే. ఎంతసేపట్నుంచి నిలబడి వింటున్నాడో. జేబెజ్ గబుక్కున లేచి నిలబడ్డాడు.

"దీవీ లేదు, మంచూ లేదు," అన్నాడు దొర. "కెప్టెన్ల జాబితా ఒకటుంటుంది. పైవాళ్ళు పోతే కిందివాళ్ళు పైకి జరుగుతారు. నా పైన రెండొందల మంది ఉండేవారు, నాకంటే గట్టివాళ్ళే. వాళ్ళు పోయారు, నేను పోలేదు. నా ఘనకార్యం అంతే."

డిగొరీ తన ముంతలోకి చూసుకున్నాడు.

"నేనెందుకు పోలేదో, అది చెప్పడేం ఈ కోతలరాయుడు?" అన్నాడు దొర, జేబెజ్‌ని చూపిస్తూ. "ఓడ ఆంటిగ్వా బయట ఆగుంది. పచ్చజ్వరం. నాకు పద్దెనిమిదేళ్ళు. నా చుట్టూ ఉయ్యాల పడకల్లో పదకొండుమంది పోయారు. నన్ను చుట్టడానికి కూడా గుడ్డ కోసి పెట్టమన్నాడు వైద్యుడు. ఇరవై రెండు రోజులు ఈ మనిషి చెంచాతో నీళ్ళు పోశాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారన్నా ఎత్తాడా మీ దగ్గర?"

లవ్‌డే అక్క తల అడ్డంగా ఊపింది. ఈసారి ఎవ్వరూ నవ్వలేదు.

"అందులో చెప్పడానికేముంది దొరా," గొణిగాడు జేబెజ్. "నీళ్ళేగా."

దొర వచ్చి బల్లమీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ దొర ఎదుట కూర్చోని జేబెజ్, అంచున ఒదిగి కూర్చున్నాడు.

"రేపు చర్చికి ఇద్దరం కలిసే పోదాం. నువ్వు వెనక కాదు, పక్కన నడవాలి," అన్నాడు దొర. జేబెజ్ వైపు తిరిగాడు. "ఒకటడుగుతాను, కోతలు కొయ్యకు. ఆ జ్వరంలో నేనెవర్నో పిలిచేవాణ్ణట గదా. ఎవర్ని?"

"మీ అమ్మగార్ని, దొరా."

"అమ్మ ఇక్కడాయె. అంత దూరాన పలికేవాళ్ళెవరుంటారు పాపం."

"పలికారు," అన్నాడు జేబెజ్, తలెత్తకుండా. "మీరు పిలిచినప్పుడల్లా పలికారు."

ఆ ఓడలో ఆడమనిషన్నది లేదని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఇది కోత అని ఒక్కరూ అనలేదు.