చప్పుళ్ళ పాఠం

ఆటలా? ఆటలెక్కడివండీ! క్లాసులో ఫోను పెట్టి ఆడిస్తున్నానని ఎవరో చెప్పగానే పరిగెత్తుకొచ్చేశారు. కూర్చోండి ముందు. అది కాస్త ఊగుతుంది, ఈ కుర్చీ లాక్కోండి.

మీ పాపకి చదువు అబ్బడం లేదని పోయిన నెల గొడవపెట్టింది మీరేగా? అందుకే కదా నేను తల బద్దలు కొట్టుకున్నది! ఒక పిల్లకి బొమ్మ చూపిస్తే ఎక్కుతుంది. ఇంకో పిల్లకి చేత్తో చేయిస్తేగానీ ఎక్కదు. మీ పాపకి చెవే. బోర్డు వంక చూడదు గానీ, వరండాలో వచ్చేది ఏ టీచరో చూడకుండానే చెప్పేస్తుంది. అబ్బ, ఏం చెవులండీ!

సరే, పాఠం ఆ చెవికే అల్లుదామనుకున్నాను. మా ఇంట్లో చప్పుళ్ళన్నీ ఫోనులో ఎక్కించాను. కళ్ళు మూసుకుని వినాలి, అదేంటో పలక మీద రాయాలి. కుళాయి. చీపురు. కుక్కరు కూత. పొద్దున క్లాసంతా ఒకటే నవ్వులు! మీ పాప ఒక్క ఒత్తు కూడా తప్పకుండా రాసింది, తెలుసా?

ఆ తర్వాత తలుపు గడియ చప్పుడు పెట్టాను. ఏముందండీ అందులో?

పాప బల్ల కిందికి దూరిపోయింది.

ఎందుకు లేస్తున్నారు? కూర్చోండి.

ఏడవలేదు. నాకు భయమేసింది అందుకే. నెత్తిన చేతులు పెట్టుకుని, "ఇంక అన్నం అడగను నాన్నా, ఇంకెప్పుడూ అడగను" అంటోంది. వంగి పిలిస్తే నా గొంతే గుర్తుపట్టలేదు. చొక్కా చేతులు పైకి జారాయి కదా... చూశాను.

మెట్ల మీద పడిందా? మెట్ల మీద పడితే బెల్టు బకిలు అచ్చు పడుతుందా సార్? తల్లి లేని పిల్లండీ అది!

అరవకండి. పక్క గదిలో పిల్లలున్నారు.

పాపని పిలవమంటారా? లేదు. వాళ్ళ అమ్మమ్మ వచ్చింది. మీరు ముందు గేటులోంచి వస్తుంటే మా హెడ్మాస్టరమ్మ వాళ్ళిద్దర్నీ వెనక గేటులోంచి ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయింది.

మరి ఇంతసేపూ ఈ పాఠం గోలంతా ఎందుకు చెప్పానంటారా? మీకు అర్థమవ్వాలని కాదు లెండి. మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టడానికి.

మీరంటే నాకు చచ్చేంత భయం. అయినా తలుపుకి అడ్డంగా కూర్చున్నాను, లేవను. పోలీసులు బయల్దేరారట. వాళ్ళొచ్చేదాకా ఈ గదిలో మీరూ, నేనూ.

ఏం చేస్తారో చేసుకోండి.