కుర్చీ కన్నా ముందు కుళాయి

1992 జూన్ 15న మన ఆసుపత్రి దంత విభాగంలో సహాయ వైద్యురాలిగా చేరిన డాక్టరమ్మగారు, ఆ ఉదయమే గది మూలనున్న కుళాయి మీద ఒక అద్దం బిగించమన్నారు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవారైనా సరే, ముందు ఆ అద్దం ఎదుట పళ్ళు తోమి చూపించాకే కుర్చీ ఎక్కాలి. "ఇది ఆసుపత్రా, మీ ఇంటి పెరడా?" అని తోటివారు వేళాకోళమాడినా ఆమె పట్టు సడలలేదు. విభాగాధిపతి అయ్యాక కూడా రోగి చేతిలో బ్రష్షు తిరిగే తీరును స్వయంగా చూడనిదే పరికరం అందుకోలేదు.

ఆ పట్టుదలకు గట్టి పరీక్ష పెట్టినవాడు పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించే ఒక పెద్దమనిషి.

"ముందు పళ్ళన్నీ కదులుతున్నాయమ్మా, ఊదితే ప్రాణం పోతోంది. పీకేసి కట్టుడు పళ్ళు పెట్టండి. బ్యాండు మేస్త్రీ నన్ను తీసేస్తానంటున్నాడు."

"కట్టుడు పళ్ళతో ఇదివరకులా ఊదగలనని నీకు నమ్మకముందా?"

ఆయన కదిలే పన్నును నాలుకతో తడుముకున్నాడు.

"సరే, ముందు తోమి చూపించు."

"నెత్తురొస్తోందని తోమడం మానేసి ఏడాదైందమ్మా."

"నేను మొత్తుకుంటే వింటేనా! ఊదడమే తప్ప వినడం రాదు ఈయనకి" అని వెంట వచ్చిన భార్య అందుకుంది.

"ఒళ్ళు మాసిందని స్నానం మానేస్తావటయ్యా? తోమకపోబట్టే గార పేరుకుంది, గార వల్లే ఆ నెత్తురు."

"పోయేది నా పొట్టకూడమ్మా, మీదేం పోయింది?"

"అందుకే పీకనంటున్నాను. మూడు నెలలు నా మాట విను. అప్పటికీ కుదుటపడకపోతే నేనే పీకుతాను."

డాక్టరమ్మగారు తామే మేస్త్రీతో మాట్లాడి ఆయన చోటు నిలబెట్టారు. ఆ మూడు నెలలూ ఆయన బ్యాండులో తాళాలు కొట్టాడు. పిల్లలు వెక్కిరిస్తే తలదించుకున్నాడు. ఆమె విడతలుగా గార తీసి, మెత్తని బ్రష్షుతో చిగురు అంచున ఎలా తోమాలో వారం వారం రప్పించి నేర్పారు. కింది పన్ను ఒకటి దక్కలేదు. ఆ సంగతి దాచకుండా ఆయనకు చెప్పారు. క్లారినెట్ ఆనే పై పళ్ళు మాత్రం గట్టిపడ్డాయి.

గడువు తీరిన రోజున ఆయన క్లారినెట్ వెంట తెచ్చుకుని, మన వరండాలోనే ఊదాడు. మొదటి స్వరం వణికింది, రెండవది నిలిచింది. వరుసలో కూర్చున్న రోగులు దవడనొప్పి మరిచి చప్పట్లు కొట్టారు. లోపల చేతితొడుగులు తొడుక్కుంటున్న డాక్టరమ్మగారు, "బాగుంది గానీ, పొద్దున తోమావా?" అని కేకేశారు.

పదవీ విరమణ చేస్తున్న డాక్టరమ్మగారికి ఈ సాయంత్రం జరిగే వీడ్కోలు సభలో వాయించబోయేది ఆయనే. తన జీవనాధారాన్ని నిలిపిన చేతులకు ఆయన పాట రూపంలో చెల్లించే కృతజ్ఞతతో మన అందరి శుభాకాంక్షలనూ జతచేస్తూ, డాక్టరమ్మగారు సంపూర్ణ ఆరోగ్యంతో, కుటుంబసభ్యుల నడుమ తనివితీరా నవ్వుతూ, కలకాలం చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.